అమెరికా బడిలో పిలకాయలు కుదురుకోవాలంటే: నెల్లూరు, ఒంగోలులో ఉండగానే మొదలుపెట్టాల్సిన పనులు

నెల్లూరులోనో కనిగిరిలోనో మూడో తరగతి ముగించిన పిల్ల ఆగస్టులో టెక్సాస్ బడిలో కూర్చోవాలి. వీసా వచ్చింది, చెన్నై నుంచి టికెట్లు తీసుకున్నారు, పెట్టెల్లో పచ్చళ్ళు సర్దుతున్నారు. బడి సంగతి మాత్రం "అక్కడికి పోయాక చూసుకుందాం" అంటారు. అక్కడికి పోయాక చూసుకుంటే డబ్బూ సమయమూ రెండూ పోయే పనులు చాలా ఉన్నాయి. వాటిలో సగం ఇక్కడే, తక్కువ ఖర్చుతో అయిపోతాయి.

ఇది హెచ్-4, ఎల్-2, ఎఫ్-2 లాంటి డిపెండెంట్ వీసాల మీద వెళ్ళి అక్కడి ప్రభుత్వ బడిలో చేరే పిల్లల కోసం రాసింది. నిబంధనలు రాష్ట్రానికో రకంగా, స్కూల్ డిస్ట్రిక్టుకో రకంగా ఉంటాయి. ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బళ్ళను నడిపే సంస్థను స్కూల్ డిస్ట్రిక్టు అంటారు. చేరబోయే డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో "ఎన్‌రోల్‌మెంట్" పేజీ తెరిచి పక్కన పెట్టుకుని చదవండి.

## 1. నాలుగు నెలల ముందు: టీకాల కార్డు

అన్నిటికంటే ముందు ఇదే. అడ్మిషన్ ఎక్కువగా ఆగేది ఇక్కడే. "మా బిడ్డకు అన్ని టీకాలూ వేయించాం" అన్న మాట నిజమే అయినా, అక్కడి లెక్క వేరు.

తేడాలు ఎక్కడ వస్తాయంటే:

- గవదబిళ్ళలు. మన ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది ఎంఆర్. అందులో తట్టు, రూబెల్లా ఉంటాయి, గవదబిళ్ళల టీకా ఉండదు. అక్కడ అడిగేది ఈ మూడూ కలిసిన ఎంఎంఆర్, సాధారణంగా రెండు డోసులు.
- మొదటి పుట్టినరోజు. తొమ్మిదో నెలలో వేసిన ఎంఆర్ గానీ ఎంఎంఆర్ గానీ అక్కడ లెక్కకు రాదు. ఏడాది నిండాక వేసినవే చూస్తారు.
- ఆటలమ్మ. వారిసెల్లా టీకా మన ప్రభుత్వ జాబితాలో లేదు. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గరే వేయించాలి. ఇదీ రెండు డోసులు.
- పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల మందును అమెరికా లెక్కలోకి తీసుకోదు. ఆ ఏడాది నుంచి చుక్కల్లో రెండో రకం వైరస్‌ను తీసేశారు, అదీ కారణం. సూదితో వేసిన ఐపీవీ డోసులు కార్డులో విడిగా, తేదీలతో కనిపించాలి. చివరి డోసు నాలుగేళ్ళు నిండాక పడాలి.
- పెద్ద పిల్లలు. ఏడో గ్రేడుకు వచ్చేసరికి ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గులకు వేసే టీడ్యాప్, చాలా రాష్ట్రాల్లో మెనింగోకాకల్ టీకా కూడా అడుగుతారు. టెక్సాస్‌లో హెపటైటిస్-ఎ కూడా ఉంది, అది చిన్న పిల్లలకు కూడా.

నాలుగు నెలలు ఎందుకంటే, డోసుల మధ్య ఎడం తప్పదు. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు, 13 ఏళ్ళలోపు పిల్లలకు ఆటలమ్మ టీకా డోసుల మధ్య 3 నెలలు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు రెండూ ఒకే రోజు వేయించవచ్చు. ఒకే రోజు కాకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. రెండూ మొదటి నుంచి వేయించాల్సిన పిల్లకు వరస ఇలా ఉంటుంది: మొదటి రోజు రెండూ, నెల దాటాక రెండో ఎంఎంఆర్, మూడు నెలలు నిండాక రెండో ఆటలమ్మ. మీ పిల్లల డాక్టరుకు కార్డు చూపించి, "అమెరికా బడికి" అని చెప్పి తేదీలు రాయించుకోండి.

కార్డు మీద తేదీలు జాగ్రత్త. 05/08/2019 అని మనం రాస్తే ఆగస్టు 5. వాళ్ళు చదివితే మే 8. ఒక్క తేదీ తప్పుగా చదివితే డోసు చెల్లకుండా పోతుంది. నెల పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. తల్లీబిడ్డల కార్డు పాతబడి చెరిగిపోయి ఉంటే దాన్ని చూసి ఒక తెల్ల కాగితం మీద మొత్తం తిరగరాయించడం మేలు. పాత కార్డు కూడా పారేయకండి.

భుజం మీద బీసీజీ మచ్చ ఉన్న పిల్లలకు టీబీ చర్మ పరీక్ష చేస్తే, జబ్బు లేకపోయినా వాపు రావచ్చు. అలాంటి పరీక్ష అడిగితే బీసీజీ వేశారని చెప్పి, ఇగ్రా అనే రక్త పరీక్ష చేయమనండి. బీసీజీ దాన్ని తప్పుదారి పట్టించదు.

## 2. కాగితాల సంచి

ఇవి చేతి సంచిలో ఉండాలి, చెకిన్ పెట్టెలో కాదు. ప్రతిదానికీ స్కాన్ తీసి ఈమెయిల్లో పెట్టుకోండి.

- పిల్ల పాస్‌పోర్టు, వీసా పేజీ
- ఇంగ్లీషులో ఉన్న జనన ధ్రువపత్రం
- టీకాల పత్రం
- గత రెండు మూడేళ్ళ ప్రోగ్రెస్ రిపోర్టులు, స్కూలు ముద్రతో
- టీసీ, స్టడీ సర్టిఫికెట్
- కళ్ళజోడు, వినికిడి, ఆస్తమా, అలర్జీ ఏదైనా ఉంటే డాక్టరు చీటీ, వాడే మందుల అసలు (జెనరిక్) పేర్లతో

జనన ధ్రువపత్రం ఒకసారి తెరిచి చూడండి. పుట్టినప్పుడు తీసుకున్న పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. కార్పొరేషన్‌లో గానీ పంచాయతీలో గానీ పేరు చేర్పించుకోవచ్చు, కానీ దానికి తిరగడానికి రోజులు పడతాయి. తల్లి పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఒకలా, ఇక్కడ ఒకలా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి.

ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో పిల్ల పేరు ఉండాలి. మొత్తం పేరు సర్‌నేమ్ గడిలోకి పోయి గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే, వీసా మీద "ఎఫ్‌ఎన్‌యూ", అంటే "మొదటి పేరు తెలియదు" అని పడుతుంది. అప్పుడు బడి రికార్డుల్లో పిల్ల మొదటి పేరు అదే అవుతుంది. వీసాకు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు మార్పించుకోవడం ఒక్కటే సుఖమైన దారి.

## 3. ఇల్లు తీసుకునే ముందు బడి చూడండి

అక్కడ ప్రభుత్వ బడి ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. రోడ్డుకు ఇవతలి అపార్ట్‌మెంట్‌కు ఒక బడి, అవతలి దానికి ఇంకొకటి. లీజు (అద్దె ఒప్పందం) మీద సంతకం చేయకముందే ఆ చిరునామాను డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో వేసి ఏ బడి వస్తుందో చూడండి. ఆ బడికి ఫోను చేసి ఒక్క మాట అడగండి: ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ప్రత్యేక టీచరు ఈ బడిలోనే ఉంటారా, వేరే చోటికి పంపుతారా?

చిరునామా రుజువుగా లీజు, కరెంటు బిల్లు అడుగుతారు. లీజులో తండ్రి పేరే కాకుండా తల్లి పేరు, పిల్లల పేర్లు కూడా రాయించండి. తండ్రి ఆఫీసులో ఉంటే తల్లి ఒక్కతే వెళ్ళి చేర్పించవచ్చు.

ఏ గ్రేడులో వేస్తారన్నది ముఖ్యంగా వయసును బట్టి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో సెప్టెంబరు 1 నాటికి 5 నిండితే కిండర్‌గార్టెన్, 6 నిండితే ఒకటో గ్రేడు. మన దగ్గర తొందరపడి మూడున్నరకే ఎల్‌కేజీలో వేసిన పిల్లలు అక్కడ ఒక తరగతి వెనక్కి పోయినట్టు కనిపిస్తారు. దానికోసం పోట్లాడవద్దు. ఈడు పిల్లల మధ్య కూర్చోవడం, కొత్త భాషకు ఒక ఏడాది ఎక్కువ దొరకడం పిల్లకు లాభమే.

ప్రయాణం ఎప్పుడంటే, ఇక్కడ ఏప్రిల్‌లో సంవత్సరాంతం పరీక్షలు రాయించి జూలైలో చేరుకోవడం బాగుంటుంది. టెక్సాస్‌లో బళ్ళు ఆగస్టు నడిమధ్యకు తెరుస్తారు, న్యూజెర్సీలో సెప్టెంబరు మొదట్లో. బడి తెరవడానికి కనీసం మూడు వారాల ముందు అక్కడ ఉండాలి. ఒక వారం నిద్ర సర్దుకోవడానికే పోతుంది.

## 4. ఎనిమిది వారాల సాధన

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాలు కొనాలని అందరికీ అనిపిస్తుంది. పిల్లలు మొదటి వారంలో ఏడ్చేది గ్రామర్ రాక కాదు. బాత్రూంలో, భోజనాల బల్ల దగ్గర, ఆటస్థలంలో ఏం చేయాలో తెలియక ఏడుస్తారు. అందుకే సాధన ఈ వరసలో చేయించండి.

బాత్రూం. అక్కడి బడి బాత్రూముల్లో చెంబూ ఉండదు, నీళ్ళ పైపూ ఉండదు. కాగితమే. నీళ్ళతోనే అలవాటైన పిల్లలు దీన్ని తప్పించుకోవడానికి పొద్దుటి నుంచి మూడు గంటల దాకా బిగపట్టుకుని కూర్చుంటారు. నీళ్ళు తాగడం మానేస్తారు. కడుపునొప్పి, మూత్రంలో మంట అక్కడి నుంచి మొదలవుతాయి.

ఇంట్లో టాయిలెట్ పేపర్ పెట్టి వారానికి రెండు రోజులు సాధన చేయించండి. ముందు నుంచి వెనక్కి తుడవడం, పేపరు తెల్లగా వచ్చేదాకా మార్చడం, తర్వాత సబ్బుతో చేతులు. కొన్నిచోట్ల కమోడ్ తనంతట తనే పెద్ద చప్పుడుతో ఫ్లష్ అవుతుందని ముందే చెప్పండి, చిన్నపిల్లలు జడుసుకుంటారు. సంచిలో తడి వైప్స్ పెట్టవచ్చు, కానీ వాటిని కమోడ్‌లో వేయకూడదని నేర్పండి.

తనంతట తను తినడం. ఏడేళ్ళ పిల్లకు కూడా అవ్వ కథ చెబుతూ ముద్దలు పెట్టే ఇళ్ళు మనవి. ఆ ప్రేమలో తప్పేమీ లేదు. కానీ అక్కడ భోజనానికి ఇచ్చేది 20 నుంచి 30 నిమిషాలు, అందులోనే వరసలో నడవడం, డబ్బా మూత తీయడం. ఎనిమిది వారాలు మధ్యాహ్నం అన్నం పిల్లే తినాలి, గడియారం పెట్టి 15 నిమిషాల్లో. చెంచాతో. డబ్బా మూత, నీళ్ళ సీసా మూత, అరటిపండు తొక్క తనే తీయాలి.

బట్టలు, బూట్లు. జిప్పు, లేసు, కోటు గుండీలు. పాతికమంది పిల్లలకు టీచరు వేయలేరు. మన ఊళ్ళో కోటుతో సాధన చేయించడం కష్టమే, పండక్కి కొన్న జాకెట్‌తోనైనా జిప్పు నేర్పండి.

చెవి. మన ఇంగ్లీషు మీడియం పిల్లలకు చదవడం, రాయడం వస్తుంది, వినడమే రాదు. రోజుకు 20 నిమిషాలు అమెరికన్ పిల్లల కార్యక్రమం, సబ్‌టైటిల్స్ లేకుండా. ఒకటే ఎపిసోడ్ మూడు రోజులు చూడనివ్వండి. మొదటి రోజు బొమ్మ అర్థమవుతుంది, మూడో రోజు మాట అర్థమవుతుంది.

మారే మాటలు. ఇవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి:

- రబ్బరు అనకూడదు, ఎరేజర్ అనాలి. అక్కడ రబ్బరు అంటే నిరోధ్ అనే అర్థం ఉంది, క్లాసులో నవ్వుతారు.
- ఫుల్‌స్టాప్ కాదు, పీరియడ్. జెడ్ కాదు, జీ.
- బాత్రూం అన్నా అర్థమవుతుంది, రెస్ట్‌రూమ్ మంచిది. ఆటల విరామం రిసెస్.
- సార్, మేడమ్ బదులు మిస్టర్ గానీ మిజ్ గానీ చేర్చి టీచరు ఇంటిపేరు.

ఆరు వాక్యాలు. ఇంగ్లీషు అసలు రాని పిల్లకైనా ఇవి నిద్రలో లేపినా రావాలి: "మే ఐ గో టు ద రెస్ట్‌రూమ్?" "ఐ డోంట్ అండర్‌స్టాండ్." "ప్లీజ్ సే ఇట్ అగైన్." "ఐ ఫీల్ సిక్." "కెన్ ఐ ప్లే విత్ యూ?" "స్టాప్, ఐ డోంట్ లైక్ దట్." చివరి దాన్ని గట్టిగా, చెయ్యి ముందుకు చాపి అనడం నేర్పండి. మన పిల్లలు దాన్నే గొణుగుతారు.

తల ఊపడం. అవునన్నా, సరేనన్నా మనం తలను పక్కలకు ఊపుతాం. అమెరికా టీచరుకు అది "కాదు" లాగానో "ఏమో" లాగానో కనిపిస్తుంది. "అర్థమైందా?" అని అడిగితే పిల్ల తల ఊపింది, అర్థం కాలేదనుకుని టీచరు మళ్ళీ చెప్పింది, పిల్ల బెదిరిపోయింది. నోటితో "యెస్", "నో" అనే అలవాటు చేయండి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నేల చూడటం మన మర్యాద. అక్కడ మొహం చూడాలి. ఇంట్లో అన్నం తినేటప్పుడు దీన్ని ఆటలాగా సాధన చేయవచ్చు.

## 5. చేర్పించే రోజు: ఫారాల్లో రాయాల్సినవి

ఫారాలు ఎక్కువ భాగం ఆన్‌లైన్లోనే. వాటిలో నాలుగు గడుల దగ్గర ఆగి ఆలోచించండి.

సోషల్ సెక్యూరిటీ నంబరు. చాలామంది డిపెండెంట్ పిల్లలకు అది ఉండదు. ఖాళీగా వదిలేయండి. అది లేదని బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఇమ్మిగ్రేషన్ స్థితిని బట్టి పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి దూరం పెట్టడం కుదరదు.

పిలిచే పేరు. "ప్రిఫర్డ్ నేమ్" గడి ఉంటుంది. ఇంట్లో పిలిచే పేరు రాయవచ్చు. పలకడం కష్టమని "శాండీ", "విక్కీ" లాంటివి మీరే పెట్టేయకండి, పిల్ల కోరితే వేరే మాట. ఈమెయిల్లో పేరును ముక్కలుగా విడగొట్టి రాసి, పది సెకన్ల రికార్డింగ్ పంపితే టీచర్లు నేర్చుకుంటారు.

ఇంటి భాష. అసలు చిక్కు ఇక్కడుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్ల మొదట నేర్చిన భాష ఏది అని అడుగుతారు. "తెలుగు అని రాస్తే వెనకబడ్డ పిల్లల క్లాసులో వేస్తారు" అన్న భయంతో ఇంగ్లీష్ అని రాసేస్తారు. ఇది తప్పు, దీని వల్ల నష్టపోయేది పిల్లే. ఇంగ్లీష్ అని రాస్తే పరీక్ష పెట్టరు, సాయం రాదు, చదవలేకపోతే మందకొడి అనుకుంటారు.

తెలుగు అని రాస్తే వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం మీద చిన్న పరీక్ష పెడతారు. చాలా రాష్ట్రాల్లో విడా పరీక్ష, కాలిఫోర్నియాలో ఎల్‌ప్యాక్. ఇంగ్లీషు చాలినంత వస్తే మామూలుగా వదిలేస్తారు. రాకపోతే ప్రత్యేక టీచరు సాయం ఉచితంగా వస్తుంది. ఏ సాయం ఇస్తున్నారో విద్యాసంవత్సరం మొదలైన 30 రోజుల్లోగా ఇంటికి రాసి పంపాలి. వద్దనుకుంటే వద్దనే హక్కు మీకుంది. మొదటి రెండేళ్ళూ వద్దనకపోవడమే మంచిది.

అత్యవసర ఫోను నంబర్లు. తండ్రి, తల్లి కాకుండా ఆ ఊళ్ళోనే ఉన్న ఇంకొకరి నంబరు. నెల్లూరు నంబరు పనికిరాదు. పిల్లను బడి నుంచి తీసుకెళ్ళేందుకు ఎవరి పేర్లు రాశారో వాళ్ళకే పంపుతారు, అది కూడా గుర్తింపు కార్డు చూసి.

మీకు ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగండి. ముఖ్యమైన విషయాలు తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పడం బడి బాధ్యత, ఖర్చు వాళ్ళదే. ఫోనులో తెలుగు దుబాసీ దొరుకుతారు. పిల్ల చేత తర్జుమా చేయించవద్దు. తన మీద టీచరు చెప్పే మాటను తనే మీకు చెప్పాల్సి రావడం పిల్లకు చాలా బరువు.

## 6. మొదటి పది రోజులు

బడి తెరిచే ముందు ఒకసారి పిల్లను తీసుకెళ్ళి లోపల చూపించమని అడగండి. క్లాసు గది, బాత్రూం, భోజనశాల, ఆఫీసు, బస్సు ఆగే చోటు. ఈ వరసలోనే రెండుసార్లు నడిపించండి.

తెలుగు మాట్లాడే పిల్ల అదే క్లాసులో ఉంటే మొదటి రెండు వారాలు పక్కన కూర్చోబెట్టమని టీచరును అడగవచ్చు. అంతకు మించి వద్దు. ఆ పిల్ల మీద బరువు పడుతుంది, మీ పిల్లకు ఇంకొకరితో మాట్లాడే అవసరం రాదు.

చలికాలంలో కూడా రిసెస్‌కు బయటికి పంపుతారు. ఫోనులో 32 డిగ్రీలు అని చూసి మామూలు ఎండే అనుకోకండి. అక్కడ ఫారన్‌హీట్, 32 అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. టోపీ, చేతి తొడుగులు, కోటు అన్నిటి మీదా పేరు రాయండి.

బడి నుంచి రాగానే "ఏం నేర్పించారు?" అని అడగకండి. అంతా అయోమయంగా ఉన్న పిల్ల దగ్గర దానికి జవాబు ఉండదు. "ఎవరి పక్కన కూర్చున్నావు? ఏం ఆడారు? అన్నం అయిపోయిందా? బాత్రూంకి పోయావా?" ఇవి అడగండి. ముందు తినడానికి ఏదైనా పెట్టి, అరగంట మాట్లాడించకుండా వదిలేయడం ఇంకా మంచిది. రోజంతా అర్థంకాని భాష వింటే పిల్లలు చాలా అలసిపోతారు. మొదటి నెల తొందరగా పడుకోబెట్టండి.

రోజూ రాత్రి సంచిలోని ఫోల్డర్ తెరవండి. సంతకాలు, డబ్బు, రంగు బట్టల రోజు, ఫొటో రోజు అన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. అందరూ పైజమాలతో వచ్చిన రోజు మీ పిల్ల ఒక్కతే మామూలు గౌనులో ఉండటం మీకు చిన్న విషయం, తనకు కాదు.

## 7. అన్నం క్యారేజీ

వేడి ఉండాలంటే థర్మాస్ డబ్బాలో ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూతపెట్టండి. నీళ్ళు పారబోసి, పొగలు కక్కే అన్నం వెంటనే నింపండి. గోరువెచ్చటి అన్నం పెడితే పన్నెండు గంటలకు చల్లారిపోతుంది. పెరుగన్నానికి ఐస్ ప్యాక్ కావాలి.

- పనికొచ్చేవి: నిమ్మకాయ పులిహోర, ముక్కలు చేసిన ఇడ్లీ నెయ్యి కారంతో, చపాతీ చుట్టలు, పప్పన్నం.
- వేరుశనగ విషయంలో బడి నియమం కనుక్కోండి. పల్లీ చట్నీ, పల్లీ పొడి, చిక్కీ, పులిహోరలో పల్లీలు, అన్నీ లెక్కే. పక్క పిల్లకు ప్రాణం మీదికి వచ్చే అలర్జీ ఉండవచ్చు.
- తన డబ్బాలోది ఇంకొకరికి పెట్టకూడదు, వాళ్ళది తీసుకోకూడదు. పంచుకుని తినమని పెంచిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది, కారణం చెప్పండి.
- గొడ్డుమాంసం, పంది మాంసం తినని ఇళ్ళవాళ్ళు ఈ మాటలు నేర్పాలి: బీఫ్, పోర్క్, హ్యామ్, బేకన్, పెప్పరోని, హాట్‌డాగ్. బడి వంటశాలకు రాసి కూడా ఇవ్వండి.

చేపల పులుసు, ఎండు చేపలు సాయంత్రం ఇంట్లో. వాసన మీద ఒక్కసారి ఎగతాళి జరిగితే పిల్ల డబ్బా తెరవడమే మానేస్తుంది. పిల్ల ఏం పెట్టమంటే అది పెట్టండి, జామ్ బ్రెడ్డే అడిగినా సరే. కొన్ని నెలలకు తనే పులిహోర అడుగుతుంది.

## 8. మాట్లాడని నెలలు

కొత్త భాషలో పడ్డ పిల్లలు చాలామంది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా బడిలో నోరు తెరవరు. వింటుంటారు, కూడబెట్టుకుంటుంటారు. ఇది జబ్బు కాదు. "అక్కడ మాట్లాడావా, లేదా?" అని రోజూ నిలదీస్తే ఇంకా ముడుచుకుంటారు.

ఆటల ఇంగ్లీషు ఏడాది రెండేళ్ళలో వచ్చేస్తుంది. సైన్సు, సోషల్ పుస్తకం చదివి రాసే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్ళు పట్టవచ్చు. గడగడా మాట్లాడుతోంది కదా, మార్కులెందుకు రావడం లేదని కోప్పడే తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక ఇంట్లో భాష. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వినకండి. మీకు బాగా వచ్చిన భాషలోనే పిల్లకు లోతుగా చెప్పగలరు. కిరణజన్యసంయోగక్రియ తెలుగులో అర్థమైన పిల్లకు ఇంగ్లీషులో కొత్త పేరు ఒక్కటే నేర్చుకోవాలి. అర్థం కాని పిల్ల రెండూ నేర్చుకోవాలి.

రాత్రి 15 నిమిషాలు తెలుగు కథ చదివించండి. అవ్వాతాతలతో వారానికి ఒక ఫోను, ఒకే సమయానికి. వేసవిలో డాలస్‌లో ఆదివారం పొద్దున 9 అయితే నెల్లూరులో సాయంత్రం 7.30, నవంబరు నుంచి మార్చి దాకా 8.30. అవ్వ "ఇంగ్లీషులో ఒక ముక్క మాట్లాడు నాయనా" అని అడగకుండా ముందే చెప్పి ఉంచండి. సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతులు రెండో ఏడాది మొదలుపెడితే సరిపోతుంది, మొదటి ఏడాది పిల్లకు శని, ఆదివారాలు ఖాళీగా ఉండాలి.

## 9. చదువులో తడబడే చోట్లు

చూసి రాయడం. గైడు నుంచి, బోర్డు నుంచి ఉన్నదున్నట్టు దించడం మన దగ్గర చదువులో భాగం. అక్కడ అది దొంగతనం కింద లెక్క. వెబ్‌సైట్ నుంచి రెండు వాక్యాలు దించినా సున్నా వేసి ఇంటికి రాయవచ్చు. సాధన: ఒక పేరా చదివించి, పుస్తకం మూసి, తన మాటల్లో మూడు వాక్యాలు రాయించండి. వారానికి మూడుసార్లు.

"నీకేమనిపించింది?" దీనికి ఒకే సరైన జవాబు ఉండదు. "నాకు ఇలా అనిపించింది, ఎందుకంటే..." అనే వాక్యం తెలుగులోనే మొదలుపెట్టించండి.

లెక్కలు. ఎక్కాల్లో మన పిల్లలు ముందుంటారు. అంగుళాలు, అడుగులు, పౌండ్లు, డైమ్, నికెల్, క్వార్టర్ నాణేల దగ్గర ఆగిపోతారు. లక్షను మనం 1,00,000 అని రాస్తాం, వాళ్ళు 100,000 అని కామా పెడతారు. జవాబు ఒక్కటే రాస్తే మార్కులు పూర్తిగా రావు, ఎలా వచ్చిందో చూపించాలి. తేదీలో నెల ముందు.

## 10. తరచూ ఎదురయ్యే చిక్కులు, దిద్దుబాట్లు

పొద్దున్నే కడుపునొప్పి, శని ఆదివారాలు ఉండదు. ముందు బాత్రూం సంగతి అడగండి. తర్వాత బస్సులో, భోజనాల దగ్గర ఎవరైనా ఏడిపిస్తున్నారా అని. బస్సులో టీచరు ఉండదు, గొడవలు ఎక్కువ అక్కడే.

ఏడిపిస్తున్నారు. నోటితో చెప్పి ఊరుకోవద్దు. టీచరుకు ఈమెయిల్ రాయండి: ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు. ఒక వారంలో మార్పు లేకపోతే అదే ఈమెయిల్‌ను ప్రిన్సిపాల్‌కు పంపండి. "తిరిగి కొట్టు" అని నేర్పితే శిక్ష మీ పిల్లకే పడుతుంది.

సంక్రాంతికి నెల రోజులు ఊరికి. జనవరిలో అక్కడ బడి నడుస్తుంది. అనుమతి లేకుండా వరసగా చాలా రోజులు రాకపోతే పేరు తీసేసే డిస్ట్రిక్టులున్నాయి. రావాలంటే వేసవి సెలవుల్లో రండి. ఒక్కరోజు రాకపోయినా ఆ పొద్దున్నే బడికి తెలియజేయాలి.

ఇంట్లో మీరే పిల్లను ఒక దెబ్బ వేశారు. అక్కడ టీచర్లు ఒంటి మీద దెబ్బ చూస్తే పిల్లల సంరక్షణ శాఖకు చట్టప్రకారం తెలియజేయాల్సిందే. చిన్నపిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి దుకాణానికి పోవడం కూడా అంతే. చెయ్యెత్తే అలవాటు చెన్నైలో విమానం ఎక్కకముందే మానుకోవాలి.

## 11. తొమ్మిదో గ్రేడు పైన

వీళ్ళకు సమయం తక్కువ. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు (పాసైతే వచ్చే పాయింట్లు) ఉంటాయి, అవి చాలకపోతే డిప్లొమా, అంటే బడి చదువు పూర్తయిన పట్టా రాదు. ఇక్కడ తొమ్మిది, పది, ఇంటర్ మొదటి సంవత్సరం చదివి ఉంటే మార్కుల మెమోలతో పాటు సిలబస్ పేజీలు కూడా పట్టుకెళ్ళండి. అవి చూసే కౌన్సెలర్ క్రెడిట్లు కడతారు. లెక్కల్లో ఆల్జీబ్రా, జామెట్రీ ఇప్పటికే చదివారని అనిపిస్తే ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష అడగండి. రెండో భాష క్రెడిట్‌ను తెలుగు పరీక్షతో ఇచ్చే డిస్ట్రిక్టులు కూడా ఉన్నాయి, తెలుగు చదవడం రాయడం వచ్చిన పిల్లకు అది అక్కరకొస్తుంది.

పదహారేళ్ళ పిల్లను స్నేహితుల మధ్య నుంచి తీసుకెళ్తున్నారని మరవకండి. ఒక క్రీడో, బ్యాండో, ఏదో ఒక క్లబ్బో మొదటి నెలలోనే చేర్పించండి. క్లాసులో దొరకని స్నేహం అక్కడ దొరుకుతుంది.

## 12. ఎప్పుడు గట్టిగా సాయం అడగాలి

ఇంగ్లీషు రాకపోవడం వేరు, ఇంకేదైనా ఇబ్బంది ఉండటం వేరు. తేడా తెలుసుకునే గీటురాయి తెలుగే. ఈ గుర్తులు చూడండి:

- తెలుగులో కూడా ఈడు పిల్లల్లా వాక్యాలు కట్టలేకపోవడం
- ఇంట్లో గలగలా మాట్లాడుతూ, ఇంగ్లీషు అర్థమవుతున్నా బడిలో నెలల తరబడి తెలుగు పిల్లలతో కూడా పలకకపోవడం
- నెల్లూరులో ఉన్నప్పుడే అక్షరాలు తారుమారు కావడం, చదవడంలో బాగా వెనకబడటం
- ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలై వారాల తరబడి ఆగకపోవడం

నాలుగోది కనిపిస్తే ముందు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మిగతావి కనిపిస్తే బడికి లిఖితపూర్వకంగా "నా పిల్లకు స్పెషల్ ఎడ్యుకేషన్ మూల్యాంకనం కోరుతున్నాను" అని ఈమెయిల్ పంపండి. అంటే పిల్లకు ప్రత్యేక బోధన అవసరమా అని బడి చేసే పరీక్షలు. నోటిమాటకు గడువు ఉండదు, రాసిన దానికి ఉంటుంది. మీరు సమ్మతి సంతకం చేశాక సాధారణంగా 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలి, కొన్ని రాష్ట్రాలు తమ సొంత గడువు పెట్టుకున్నాయి. "ముందు ఇంగ్లీషు రానీయండి, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారన్న కారణంతో మూల్యాంకనం ఆపకూడదని గుర్తుచేసి, పిల్ల ఇక్కడ చదివినప్పటి నోటు పుస్తకాలు, రిపోర్టులు చూపించండి. అందుకే ఆ పాత నోటు పుస్తకాలు రెండైనా పెట్టెలో వేసుకెళ్ళండి.